గుమ్మటంలో ఒక కన్ను

రోమ్‌కు బయల్దేరేవారి దగ్గర ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. కొలోసియం, ట్రెవి ఫౌంటెన్, పాంథియన్, సెయింట్ పీటర్స్ బసిలికా, సిస్టీన్ చాపెల్. ఇలాంటి చోట్లను తెలుగులో దర్శనీయ స్థలాలంటారు. పర్యాటక కరపత్రాల్లో అరిగిపోయిన మాటే గాని, దాని అడుగున ఒక చిక్కు ప్రశ్న ఉంది. దర్శనమంటే ఉత్త చూడటం కాదు. గుడికి వెళ్లినవాడు స్వామిని చూస్తాడు, స్వామి చల్లని చూపు తన మీద పడాలనీ కోరుకుంటాడు. గర్భగుడి ఎదుట దొరికే రెండు క్షణాల కోసం గంటల తరబడి క్యూలో నిలబడేది అందుకే. మరి ఏ మొక్కూ లేకుండా, కెమెరా మెడలో వేసుకుని రోమ్‌కు వచ్చినవాడికి దక్కేది చూడటమా, దర్శనమా?

ఆ ఊళ్లో ఈ రెండూ చాలాకాలంగా కలగలిసే ఉన్నాయి. 12వ శతాబ్దపు లాటిన్ పుస్తకం ‘మిరాబిలియా ఉర్బిస్ రోమే’, అంటే ‘రోమ్ నగరపు వింతలు’, యాత్రికులకు దారి చూపింది. పునీతుల సమాధులకు మొక్కడానికి వచ్చినవాళ్లకు అది పాత దేవతల గుళ్లనూ విజయతోరణాలనూ విగ్రహాలనూ కథలు కథలుగా చెప్పింది. భక్తుడెక్కడ ఆగిపోతాడు, వింతలు చూడవచ్చినవాడెక్కడ మొదలవుతాడు అని గీత గీయడం అప్పుడూ కుదరలేదు.

పాంథియన్ దగ్గర ఈ చిక్కు ఇంకా బిగుస్తుంది. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిన ఆ కట్టడం పేరుకు సర్వదేవతల గుడి అని అర్థం. 609లో పోప్ నాలుగో బోనిఫేస్ దాన్ని మరియమాతకూ హతసాక్షులకూ అంకితం చేశారు. పాత కట్టడాల రాళ్లు ఊడబీకి కొత్తవి కట్టుకున్న శతాబ్దాల్లో అది నిలిచిందంటే, చర్చి కావడమే దానికి కాపు. గుమ్మటం వెడల్పు 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. ఇనుప చువ్వలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దది. సరిగ్గా నడినెత్తిన దాదాపు 9 మీటర్ల గుండ్రని ఖాళీ. దాని పేరు ఓకులుస్. లాటిన్‌లో కన్ను. ఆ కంటికి అద్దం లేదు, మూత లేదు. వాన వస్తే లోపలే కురుస్తుంది, నీళ్లు నేలలోని చిన్న చిన్న కన్నాల గుండా ఇంకిపోతాయి. ఎండ కాస్తే ఒక వెలుగు బిళ్ల గోడల మీద మెల్లగా నడుస్తుంది. పెంతెకోస్తు పండుగనాడు అగ్నిమాపక సిబ్బంది పైకెక్కి ఆ కంటిలోంచి ఎర్ర గులాబీ రేకులు రాలుస్తారు. ఏ దేవుణ్నీ నమ్మనివాడు కూడా దాని కింద తలెత్తి మాట మరిచిపోతాడు.

2023 జులైలో లోపలికి వెళ్లడానికి 5 యూరోల టికెట్ పెట్టారు. వచ్చినదాంట్లో 70 శాతం ఇటలీ సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు, 30 శాతం రోమ్ మేత్రాసనానికి. దివ్యబలిపూజకు వచ్చేవారికి టికెట్ లేదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనాన్నీ ఉచిత సర్వదర్శనాన్నీ ఎరిగిన తెలుగువాళ్లకు ఇదేమీ కొత్తగా తోచదు. కానీ తిరుమలలో ఏ వరుసలో వెళ్లినా చేరేది ఒకే మూర్తి ముందుకు, ఒకే పనికి. పాంథియన్‌లో డబ్బు కట్టినవాడు కట్టడాన్ని చూడటానికి, కట్టనివాడు ప్రార్థనకు అని గుమ్మం దగ్గరే తేల్చేస్తారు. టికెట్‌ను తప్పుపట్టడానికి లేదు, అంత పాత గోడల్ని కాపాడాలంటే ఖర్చవుతుంది. టికెట్ కొన్నవాడి మనసులో ఏముందో కౌంటరుకు తెలుసనుకుంటేనే పొరపాటు.

సిస్టీన్ చాపెల్‌లో మైఖెలాంజెలో 1508 నుంచి 1512 వరకు పైకప్పు చిత్రించాడు. పాతికేళ్లు కావస్తుండగా తిరిగొచ్చి, పీఠం వెనక గోడ మీద ‘తుది తీర్పు’ మొదలుపెట్టి 1541లో ముగించాడు. మామూలు రోజుల్లో జనం మెడలు వెనక్కి వాల్చి నడుస్తుంటారు, మాట్లాడొద్దని కాపలావాళ్లు హెచ్చరిస్తూనే ఉంటారు. 2025 మే 7న కొత్త పోప్ ఎన్నిక కోసం ఆ తలుపులు మూసుకున్నాయి. లోపల 133 మంది కార్డినల్స్. కర్నూలు ప్రాంతంలో పుట్టి తొలి తెలుగు కార్డినల్ అయిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి ఆంథోనీ పూల వారిలో ఒకరు. ఓటు వేసే ప్రతి కార్డినల్ మడిచిన చీటీని పైకెత్తి పట్టుకుని ఆ గోడ ముందుకు నడవాలి. రేపు తనకు తీర్పు చెప్పబోయే క్రీస్తే సాక్షి అని పైకి పలికి, ప్రమాణం చేసి, చీటీ వేయాలి. మర్నాడు పద్నాలుగో లియో పోప్‌గా ఎన్నికయ్యారు. పర్యాటకుడు చూసి వచ్చేదీ ఆ గోడనే, ఆ క్రీస్తునే. అయితే చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషి, గోడ మీది క్రీస్తు తనను చూస్తున్నాడని ఎరిగి నిలబడ్డాడు. దర్శనమన్న మాటకు ఇంతకన్నా దగ్గరి అర్థం ఆ నగరంలో దొరకదు.

అలాగని నమ్మకం లేనివాడికి ఉత్త చూపే మిగులుతుందా? పాంథియన్‌కు కూతవేటు దూరంలో శాన్ లుయిజి దేయ్ ఫ్రాంచేజీ చర్చి ఉంది. అక్కడ కరవాజ్జో 1599–1600లో గీసిన ‘మత్తయికి పిలుపు’ ఉంది. మసక చీకటి గదిలో సుంకరులు బల్ల చుట్టూ కూర్చున్నారు. కుడివైపు నుంచి క్రీస్తు చేయి చాపాడు, వెలుగూ అటునుంచే పడుతోంది. గడ్డపాయన వేలు చూపిస్తున్నాడు. తనవైపా, పక్కన తల వంచుకుని నాణేలు చూసుకుంటున్న కుర్రాడి వైపా? వాళ్లలో మత్తయి ఎవరన్న వాదన కళాచరిత్రకారుల మధ్య తెగలేదు. తెగకపోవడమే మేలు. ఆ వేలు ఎటు తిరిగిందో తేల్చుకోలేక తంటాలు పడుతుండగా, పిలుపు తనకేనేమోనన్న శంక చూసేవాడికి ఒక్క క్షణం తగులుతుంది. ఆ క్షణాన జ్ఞానస్నాన పత్రం అడిగేవారు ఎవరూ ఉండరు.

రోమ్ చర్చిల్లో చాలాచోట్ల ఇలాంటి చిత్రాల పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. ఆరగానే చాలామంది తరవాతి చోటుకు కదులుతారు. కొందరు మాత్రం జేబులో ఇంకో నాణెం కోసం తడుముకుంటూ, ఆ చీకట్లోనే బొమ్మ వైపు తిరిగి నిలబడి ఉంటారు.