పెరికెద్దుల దారి

సూర్యాపేటలో నా దగ్గర సోషల్ చదువుకున్న ఒక పిల్లవాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. దామరచర్ల వైపు తండా వాళ్లది. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాలు ఎత్తుకుని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి, హైవే ఎక్కి కాకినాడ రేవుకు పోతాడు. నేను కోదాడలోనే ఉంటున్నాను కాబట్టి, పట్టా తాళ్లు బిగించుకోవడానికి బండి ఆపినప్పుడు ఫోన్ చేస్తాడు. టీ కొట్టు బల్ల మీద మా వాదాలు సాగుతాయి. వాటిలో తేలకుండా మిగిలిపోయింది ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

వాదానికి మూలం జాన్ బాప్తిస్త్ టావెర్నియర్ (1605–1689). ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు. తుర్కీ, పర్షియాల మీదుగా మన దేశానికి పలుమార్లు వచ్చాడు. సూరత్తు నుంచి గోల్కొండకు, గోల్కొండ నుంచి మచిలీపట్నానికి నేల మీదే ప్రయాణించి, మజిలీ మజిలీకీ దూరం ఎన్ని కోసులో రాసుకున్నాడు. ఆ పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నగా పోతే 100 కోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా పోతే 112 కోసులు, తాను ఎక్కువగా పోయింది గని దారినే అంటాడు. ఫ్రెంచి రాతలో వంకర్లు తిరిగినా ఆ మజిలీల పేర్లు పోల్చుకోవచ్చు: హయత్‌నగర్, పంతంగి, పానగల్లు, నాగులపాడు, లక్కవరం. పంతంగిలో ఇప్పుడు టోల్‌గేటు ఉంది. నాగులపాడులో కాకతీయుల నాటి గుళ్లున్నాయి. లక్కవరం హుజూర్‌నగర్ పక్కన. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడల నడుమ నుంచే ఆయన కొల్లూరు చేరాడన్నమాట. ఆ గనిలో అరవై వేల మంది పనిచేసేవారని రాశాడు. మగవాళ్లు తవ్వితే, ఆడవాళ్లూ పిల్లలూ మన్ను మోసేవారట. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఇదంతా చెబితే మావాడు అడిగాడు: “అయితే మన దారిని ఆయన కనిపెట్టిండా సార్?”

“కనిపెట్టలేదు. ఉన్న దారిని రాసిపెట్టాడు.”

“ఉన్న దారి ఎట్ల ఉన్నది? ఎవరు ఏసిండ్రు?”

దానికి జవాబు టావెర్నియర్ పుస్తకంలోనే ఉంది. పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా నడవడం ఆయన ఆశ్చర్యంతో వర్ణించాడు. వరి పండని చోటికి బియ్యం, గోధుమ పండని చోటికి గోధుమ, ఉప్పు లేని చోటికి ఉప్పు. మోసేవాళ్లు ఇళ్లు కట్టుకోరు, డేరాల్లో ఉంటారు, ఆలుబిడ్డలు వెంటే ఉంటారు. ఒక్కో ఎద్దు మీద వేసే పెరికె మన లెక్కలో నూటయాభై కిలోల పైమాట. ఇరుకు దారిలో ఆ బిడారు ఎదురైతే అది దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట. చరిత్రకారులు వీళ్లను బంజారాలుగా గుర్తించారు. అంటే మావాడి పూర్వీకులు.

అతడు వేలు మడిచి లెక్క కట్టాడు. “పదివేల ఎద్దులంటే పదిహేను వందల టన్నులు. నా బండ్ల పాతిక టన్నులు పడతయి. అరవై లారీలు సార్! నీళ్లు చూడండి. ఎద్దుకు రోజుకు ముప్పై లీటర్లన్న కావాలె. మూడు లక్షల లీటర్లు. బావి సరిపోదు, చెరువు ఉండాలె. పానగల్లు ఉదయసముద్రం, పిల్లలమర్రి చెరువు, అట్ల చెరువు చెరువుకూ దారి పడ్డది. ఎండకాలం ఏ చెరువుల ఎన్ని నీళ్లుంటయో ముందే తెలవకపోతే ఎద్దులు చస్తయి. ఆ తెలివంతా మావోళ్లది. ఆయన రెండు రోజులు ఆగిండు, మావోళ్లు పోయిండ్రు. యాత్ర ఎవరిది?”

చెరువుల మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఏ పుస్తకంలోనూ నేను చదవని సంగతి అది, డీజిల్ లెక్క చూసుకుని బండి తీసేవాడికే తట్టేది. అయినా ఒప్పుకోలేదు. “రోజూ చేసే పని బతుకుతెరువు అవుతుంది. ఎరగని చోటికి వెళ్లి, చూసింది తలపోసుకుంటేనే యాత్ర. పదివేల ఎద్దులని నీకు ఈరోజు తెలిసింది కూడా ఆయన తలపోసుకోబట్టే.”

“బతుకుతెరువు కోసం పోయేటోడు తలపోసుకోడా సార్? ఆయన మాత్రం వజ్రాల బేరానికి రాలేదా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర ఎదురుమాట లేదు. వేరే వైపు నుంచి వచ్చాను. మన ఏనుగుల వీరాస్వామయ్యను తీసుకోండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ, విశాఖ దారిన 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దాదాపు నూరుమంది పరివారం. దారి పొడుగునా మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాస్తూ పోయాడు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. టావెర్నియరేమో తన రాజుకు నివేదించుకున్నాడు. ఇద్దరికీ వెనక ఒక ఇల్లుంది, ఆ ఇంటి దగ్గర వినేవాళ్లున్నారు. యాత్రాచరిత్ర అంటే ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్లకు చెప్పేది. ఆలుబిడ్డల్ని, పశువుల్ని, దేవుణ్ని వెంటబెట్టుకుని కదిలిన బంజారాలు వెనక ఎవరినీ వదల్లేదు. మరి ఎవరికని రాస్తారు?

ఈ మాట అంటున్నప్పుడు నాకు నిజంగానే వాళ్ల మీద గౌరవం కలిగింది. రాయకపోవడం వెలితి కాదని చెప్పాలనుకున్నాను.

మావాడు మెత్తబడలేదు. “ఎనక ఎవరూ లేరు సార్, నిజమే. ముందట ఉన్నరు కదా, పుట్టబోయేటోళ్లు. మా పాటగాళ్లు, ధాడీలు, పాడేది వాళ్ల కోసమే. ఎవరి గోత్రం ఎవరిది, ఏ నాయకుడు ఏ తండాను ఎటు తోలుకపోయిండు, అంత పాటల ఉంటది. మా గురువు సేవాలాల్ మహారాజ్ ఎద్దుల బిడారు తోలిండని మాకు పుస్తకం చెప్పలే, పాట చెప్పింది. మీరు రాయలేదని అంటరు. రాయకున్నా నిలబడ్డది కదా.”

“అన్నీ నిలబడలేదు నాయనా,” అన్నాను. రైలు 1889లో హైదరాబాదు వైపు నుంచి బెజవాడ చేరింది. అప్పటికే తగ్గుతూ వచ్చిన ఉప్పు మోత ఇంకా పలచబడింది. అంతకంటె పెద్ద దెబ్బ 1871 నాటి నేరస్త తెగల చట్టం. ఇల్లూ వాకిలీ లేకుండా తిరగడమే అనుమానానికి కారణమైంది. బంజారాలను కూడా చాలా చోట్ల ఆ జాబితాకెక్కించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ ముద్ర పోలేదు. ఆ చట్టం నడిచిన కాలంలోనే లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఖండాలు దాటి వచ్చినవాళ్లకు బంగారు పతకాలిచ్చేది. ఒకడు తిరిగితే పతకం, ఇంకొకడు తిరిగితే ఠాణాలో హాజరు. ఆ తేడా రావడానికి కాగితం కూడా ఒక కారణమని నా నమ్మకం. పాట తండాలో నిలబడుతుంది, కచేరీలో సాక్ష్యం చెప్పలేదు.

అతడు చాలాసేపు గ్లాసు కింద పెట్టలేదు. తర్వాత అన్నాడు: “మీరు చెప్పింది కాదనను. కానీ రాసేటప్పుడు ఎవరి కోసం రాస్తరో అది చూసుకోండి సార్. పట్నపోళ్లు చదివి ఆశ్చర్యపడనీకి రాస్తే, మావోళ్లు మళ్ల దారికడ్డమొచ్చిన ఎద్దులే అయితరు. మా బోలీకి లిపి లేదు. తెలుగుల రాస్తరో దేనిల రాస్తరో, మా పోరగాళ్లు చదువుకునేటట్టు ఉండాలె.”

“ముందు వినాలి కదా. ధాడీని ఎక్కడ పట్టుకోవాలి?”

“మా ఇంట్ల పెండ్లి ఉన్నది. పిలుస్త. పెన్ను మాత్రం తేకండి.”

“తెస్తాను. పాడేవాళ్లు రాసుకోమనేదాకా జేబులోంచి తీయను.”

అతడు ఔననీ కాదనీ అనలేదు. చిల్లకల్లు టోల్ దగ్గర రద్దీ పెరగకముందే దాటాలని లేచాడు.