సుమారు 52 సెకన్లు

కుప్పం దగ్గర ఒక బళ్ళో పంతులుగా చేరిన కొత్తలో పొద్దుటి ప్రేయరు బాధ్యత నాకు అప్పజెప్పారు. జాతీయగీతం 52 సెకన్లలో అయిపోవాలని ఎక్కడో విన్నా. నా చేతి గడియారంలో స్టాప్‌వాచ్ ఉండేది. మొదటి వారం 61 సెకన్లు పట్టింది. తర్వాత 57. దసరా సెలవుల లోపల 52కి తెచ్చా. ఎంత గర్వపడ్డానో!

ఒక్క గొంతు మాత్రం వెనకబడేది. ఆరో తరగతి పిల్లోడు. మాట్లాడితే నత్తి. పాడేటప్పుడు నత్తి వచ్చేది కాదు గానీ, చీకట్లో మెట్లు దిగేవాడిలా ఒక్కో మాటా తడుముకుంటూ పాడేవాడు. అందరూ ఆపేశాక ఇంకో మూడు సెకన్లు వాడి గొంతొక్కటే వినబడేది. పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు వాణ్ణి పక్కకి పిలిచి, "నువ్వు పాడొద్దులే నాయనా, ఊరికే నోరు ఆడించు చాలు" అన్నా. తల ఊపాడు. మర్నాడు గీతం సరిగ్గా 52 సెకన్లు. ఆ ఏడాదంతా వాడు నోరు ఆడిస్తూనే ఉన్నాడు.

నేను చేసింది తప్పా? చాలా కాలం అలా అనిపించలేదు. పదిమంది కలిసి పాడుతున్నప్పుడు ఏదో ఒక నడకకి అందరూ సర్దుకోవాలి కదా. లేకపోతే అది పాట కాదు, గోల. ఈ వాదనని ఇప్పటికీ పూర్తిగా కొట్టిపారెయ్యను.

అయినా నన్ను మళ్ళీ ఆలోచనలో పడేసింది నేను చదువుకున్న మదనపల్లె. మాది పుంగనూరు. డిగ్రీకి రోజూ బస్సులో మదనపల్లె బీటీ కాలేజీకి వెళ్ళొచ్చేవాణ్ణి. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజి. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడికొచ్చి, ఒక సాయంత్రం ఈ పాటని విద్యార్థుల ముందు బెంగాలీలో పాడారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 'భారతదేశపు ఉదయగీతం' అని అర్థమొచ్చే పేరు పెట్టారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతం చదువుకున్నావిడ, ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం జైలుకెళ్ళినావిడ. ఆమె ఆ వరసకి స్వరాలు రాసిపెట్టింది. ఈ కథ మా కాలేజీలో అందరం విన్నదే. విని మర్చిపోయిందే.

ఇన్నేళ్ళ తర్వాత నాకు పట్టుకున్న సందేహం ఇది: ఆమె స్వరాలు రాసింది సరే, నడక సంగతేమిటి? వేగానికి ఒక అంకె వెయ్యొచ్చు. ఆ అంకెలో పాట మనసు పడుతుందా?

దీనికి జవాబు నాకు మన పాటలో కాక ఒక వాల్ట్జ్‌లో దొరికింది. స్నేహితుడొకడు స్ట్రౌస్ 'బ్లూ డాన్యూబ్' వినిపించాడు. 1867లో వియన్నాలో మొదటిసారి వినిపించిన నాట్యసంగీతం, మూడు దెబ్బల లెక్క. కాగితం మీద మూడూ సమానమే. వియన్నా వాద్యబృందాలు మాత్రం రెండో దెబ్బని రవ్వంత ముందుగా వేస్తాయి. ఆ రవ్వంతలోనే ఊపంతా ఉంది. గడియారం పెట్టి దాన్ని సరిచేస్తే లెక్క మిగులుతుంది, నాట్యం పోతుంది. అదే శ్రుతి, అవే స్వరాలు. నడక మారితే పాట ఇంకో మాట చెబుతుంది.

మన గీతానికీ ఇదే జరిగింది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడినప్పుడు అది ప్రార్థన. 1947లో న్యూయార్క్‌లో, ఐక్యరాజ్య సమితి సమావేశాలప్పుడు ఒక ఆర్కెస్ట్రా దాన్ని వాయిస్తే నానాదేశాల ప్రతినిధులూ మెచ్చుకున్నారని నెహ్రూ మరుసటేడు రాజ్యాంగ సభలో చెప్పారు. బ్యాండు చేతికొచ్చేసరికి ప్రార్థన వందనమైంది, ఛాతీ నిటారైంది. అది తప్పనను. దేశానికి వందనమూ కావాలి. కానీ ఆ రెంటిలో నేను పిల్లలకి ఏది నేర్పాను? రెండూ కాదు. పరుగు నేర్పాను.

ఒకరోజు హార్మోనియం మీద ఆ పాట వాయించి చూసుకున్నా. మనకి తెలిసిన శంకరాభరణానికి దగ్గర వరస. ప్రాంతాల పేర్లొచ్చే చోట ఒక్కసారి ప్రతిమధ్యమం తొంగిచూస్తుంది. ఆశ్చర్యం చివర్లో ఉంది. పాట షడ్జం మీద ఆగదు, మధ్యమం మీద ఆగుతుంది. ఇంట్లోకి రాకుండా అరుగు మీదే నిలబడినట్టు. మనం పాడేది అయిదు చరణాల్లో మొదటిది మాత్రమే. తర్వాతి చరణం కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది ఆ ఆఖరి స్వరం. ఇలా తలుపు తీసి ఉంచిన పాటకి నేను స్టాప్‌వాచ్‌తో గడియ పెట్టాను.

ఇంకోటి కూడా ఆలస్యంగానే చూశా. ప్రభుత్వం ఇచ్చిన నియమాల్లో 52 సెకన్లకి ముందు 'సుమారు' అని ఉంది. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ పిల్లోడి మూడు సెకన్లకి ఆ 'సుమారు'లో చోటుండేది.

ఇప్పుడు నా పాత వాదనకి జవాబు చెప్పుకోగలను. కలిసి పాడాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి, నిజమే. కానీ గబగబా పాడగలిగినవాడు కాస్త నెమ్మదిస్తే అతనికి పోయేది మూడు సెకన్లు. నెమ్మదైనవాణ్ణి సర్దుకోమంటే వాడికి పోయేది గొంతు. ఈ రెండు నష్టాలూ సమానం కావు. ఒకడి నోరు నొక్కి సాధించిన ఐకమత్యంలో నోళ్ళ లెక్క సరిపోతుందంతే.

వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. కనబడితే క్షమించమని అడిగే ధైర్యం ఉందో లేదో అదీ తెలీదు. బళ్ళో మాత్రం గడియారం చూడటం మానేశా. ఆఖరి గొంతు ఆగేదాకా ఎవరూ కదలకూడదని పిల్లలకి చెప్పా. ఒక్కోరోజు 60 సెకన్లు దాటుతుందేమో. ఎవరూ నవ్వడం లేదు.