తలనీలాలు బాకీ పడ్డ రెండేళ్లు

ఈ వారం వీడియోలో మొక్కుల గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక విషయం వదిలేశాను. టైమ్ సరిపోలేదని చెప్పొచ్చు, కానీ అసలు కారణం సిగ్గు. కెమెరా ముందు చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది పటాన్‌చెరు దాటాక వచ్చే ఇస్నాపూర్. నాన్న పాశమైలారం వైపు ఒక ఫ్యాక్టరీలో దాదాపు ముప్పై ఏళ్లు షిఫ్టుల్లో పనిచేశారు. 2022లో ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రాత్రి థియేటర్ బయట కూర్చుని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. "నాన్న లేచి నడిస్తే నీ దగ్గర తలనీలాలు ఇస్తా స్వామీ" అని. నాన్న లేచారు. రెండు నెలలకు చౌరస్తా దాకా నడిచి వెళ్లి కూరగాయలు కూడా తెచ్చారు. నేను మాత్రం వేములవాడ వెళ్లలేదు.

మొదట క్లయింట్ విజిట్ అడ్డం వచ్చింది. తర్వాత ప్రమోషన్. ఆ తర్వాత పెళ్లి సంబంధాలు, ఫొటోలు. ఇవన్నీ పైకి చెప్పుకున్న కారణాలు. లోపలి కారణం వేరే ఉంది. నాకు ముందు వైపు జుట్టు పలచబడుతోంది. డ్రాయర్లో మినాక్సిడిల్ సీసా ఉంది. ఒకసారి గుండు చేయించుకుంటే మళ్లీ రాదేమోనని భయం. "కాస్త ఒత్తుగా పెరిగాక ఇద్దాం, స్వామికి కూడా మంచి జుట్టే ఇచ్చినట్టవుతుంది" అని నాకు నేనే లాజిక్ చెప్పుకున్నాను.

నాన్నతో పాటు అదే షెడ్డులో పనిచేసిన ఒక చాచా మా వీధిలోనే ఉంటారు. 2024 జూన్‌లో ఆయన హజ్‌కు వెళ్లారు. ఆ ఏడాది మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. టీవీలో వార్తలు చూస్తూ నాన్న రోజూ వాళ్లింటికి వెళ్లి "భాయ్ ఫోన్ చేసిండా" అని అడిగి వచ్చేవారు. చాచా క్షేమంగా తిరిగొచ్చారు. ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు ఇచ్చారు. తల నున్నగా మెరుస్తోంది.

నాకు కుతూహలంగా అనిపించి అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. యాత్ర మొదలయ్యేటప్పుడు మగవాళ్లు కుట్టులేని రెండు తెల్ల వస్త్రాలు కట్టుకుని ఇహ్రామ్‌లోకి వెళ్తారు. అప్పటి నుంచి వెంట్రుక కత్తిరించకూడదు, గోరు తీయకూడదు, అత్తరు పూసుకోకూడదు. జిల్‌హజ్ నెల తొమ్మిదో రోజు అరఫాత్ మైదానంలో ప్రార్థన, ఆ రాత్రి ముజ్దలిఫాలో ఆరుబయట బస. పదో రోజు మీనాలో రాళ్లు రువ్వి, ఖుర్బానీ అయ్యాక జుట్టు తీయించుకుంటారు. పూర్తిగా గీయించుకుంటే హల్ఖ్, కత్తిరించుకుంటే తఖ్సీర్. ఆడవాళ్లు వేలి కొసంత మాత్రమే కత్తిరించుకుంటారు. దాంతో ఇహ్రామ్ నియమాలు చాలావరకు సడలిపోతాయి. రెండూ చెల్లుతాయి కానీ, పూర్తిగా గీయించుకున్నవాళ్ల కోసం ప్రవక్త మూడుసార్లు దువా చేసి, కత్తిరించుకున్నవాళ్ల కోసం తర్వాత ఒకసారి చేశారని వాళ్ల హదీసుల్లో ఉంది. తలలో జబ్బు ఉండి ముందే తీయించుకోవాల్సి వస్తే దానికి బదులు ఉపవాసమో, దానమో, బలియో ఇవ్వొచ్చని ఖురాన్‌లోనే వెసులుబాటు ఉందట.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే చాచాకు నేను చిన్నప్పటి నుంచీ బట్టతలే చూశాను. "చాచా, నీకు అక్కడ తీయడానికి ఏముంది?" అన్నాను.

ఆయన కూడా నవ్వారు. "చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు ఉండె బేటా, అంతే. అసలే లేనోళ్లు కూడా ఉత్త తల మీద కత్తి ఆడిపిచ్చుకుంటరు. హుకుం వచ్చింది జుట్టు ఎంతుందని అడగనీకి కాదు. తల వంచినవా లేదా, గదే."

నా నవ్వు ఆగిపోయింది. ఇంటికి నడుస్తుంటే నాన్న నా వైపు చూడకుండానే అన్నారు: "భాయ్ గుండె ధైర్యం చూడు. నాలుగెంటికల కోసం సముద్రం దాటి పోయొచ్చిండు." అంతే, ఇంకేం అనలేదు. నా మొక్కు ఆయనకు తెలుసని ఆ రోజే నాకు అర్థమైంది.

ఫ్రెండ్స్, రెండూ ఒకటేనని నేను చెప్పడం లేదు. వాళ్లకు అది దీక్ష విడిచే ఘట్టం, అల్లాహ్ ఆజ్ఞకు విధేయత. అక్కడ జుట్టు కానుక కాదు. మనం స్వామికి సమర్పిస్తాం, మొక్కు తీర్చుకుంటాం. ఎవరి అర్థం వారిది, దాన్ని అలాగే గౌరవించాలి. కానీ రెండు చోట్లా తల వంచకుండా ఆ పని జరగదు. నేను దాచుకున్నది జుట్టు అనుకున్నాను. నిజానికి దాచుకున్నది ఫొటోలో కనిపించే ఆ "నేను"ని. స్వామికి ఇస్తానన్నది కూడా దాన్నే కదా!

శ్రీరుద్రంలో శివుణ్ణి కపర్ది అంటారు, అంటే జటాజూటం ఉన్నవాడు. ఆ వెంటనే వ్యుప్తకేశుడు అంటారు, అంటే ముండిత శిరస్సు ఉన్నవాడు. జడలూ ఆయనే, గుండూ ఆయనే. అలాంటి స్వామి నా జుట్టు ఒత్తుగా ఉందో లేదో చూస్తాడా?

తర్వాతి శ్రావణ సోమవారం సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా వేములవాడ వెళ్లాం. నాన్న కూడా వచ్చారు. కళ్యాణకట్టలో నా ఎడమ పక్కన ఏడాది పసివాడు ఏడుస్తున్నాడు, కుడి పక్కన చేతులకు ఇంకా గ్రీజు మరక పోని ఒకాయన. పది నిమిషాల తర్వాత ముగ్గురం ఒకేలా ఉన్నాం. అక్కడ ఎవరి ప్యాకేజీ ఎంతో ఎవరూ చెప్పలేరు. నాన్న చెంబుతో నా తల మీద నీళ్లు పోశారు. ఆయన చెయ్యి వణకలేదు. రెండేళ్ల క్రితం నేను అడిగింది అదే.

మీలో ఎవరికైనా ఇలా మొక్కు బాకీ ఉంటే భయపడకండి. దేవుడు లోన్ యాప్ రికవరీ ఏజెంట్ కాదు, ఆలస్యమైందని శిక్ష వేయడు. ఆరోగ్యం అనుకూలించకపోతే పెద్దల్ని అడగండి. మన దగ్గర ఆడవాళ్లు మూడు కత్తెరలు ఇస్తారు, మనసు పెడితే అదీ నిండు సమర్పణే. కానీ కుదిరీ వాయిదా వేస్తుంటే మాత్రం, ఏం దాచుకుంటున్నామో ఒక్కసారి చూసుకోండి.

నా జుట్టు మళ్లీ వచ్చింది. ముందున్నంత రాలేదు. ఇప్పుడు ఆ లెక్క చూసుకోవడం మానేశాను.

హర హర మహాదేవ.