పొలిమేర దగ్గర అడిగే ప్రశ్న

రోగం వస్తున్నప్పుడు తలుపు వేసుకోవడం తప్పా? తప్పు కాదని అందరం ఒప్పుకుంటాం. మరి ఎవరి మొహం మీద వేశాం, ఎంతకాలం వేశాం, తాళంచెవి ఎవరి చేతికిచ్చాం అని అడిగితే మాత్రం ముఖాలు మాడిపోతాయి. కరోనా కాలం గడిచిపోయింది కాబట్టి ఇప్పుడు ఈ మాటలు అడగొచ్చు. అప్పట్లో అడిగితే దేశద్రోహం కింద జమ కట్టేవాళ్ళు. అందులోనూ అడిగినవాడి పేరు మా పేర్ల లాంటిదైతే చెప్పనే అక్కర్లేదు.

2020 మార్చి 13 నుంచి భారత ప్రభుత్వం విదేశీయుల వీసాలు దాదాపు అన్నీ నిలిపేసింది. మార్చి 22 నుంచి బయటి దేశాల ప్రయాణికుల విమానాల్ని దిగనివ్వలేదు. మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్ళీ మొదలైంది 2022 మార్చి 27న. రెండేళ్ళు! ఆపినప్పుడు జనం ఏమన్నారు? ఇంకా ముందే ఆపాల్సింది అన్నారు. పాస్‌పోర్టులున్నవాళ్ళు తెచ్చిన రోగాన్ని రేషన్ కార్డులున్నవాళ్ళు మోస్తున్నారన్న మాట ఆ రోజుల్లో అందరి నోటా తిరిగింది. ఆ కోపంలో న్యాయం ఉంది. రోగం కాలినడకన రాలేదు, విమానమెక్కి వచ్చింది. కానీ కోపానికి ఒక గుణముంది. అది ఎప్పుడూ పైవాడి దగ్గర ఎక్కువసేపు నిలబడదు, జారి జారి కింద దొరికినవాడి మీద వచ్చి పడుతుంది. పాస్‌పోర్టు మీద మొదలైన కోపం పది రోజుల్లో తోపుడు బండి మీద ఉల్లిపాయలమ్మే సాయిబు గడ్డం దగ్గరికి ఎట్లా వచ్చిందో చూడాలంటే, నగరాల కంటే ముందు కొండల్లోకి వెళ్ళాలి.

విశాఖపట్నం నుంచి అరకు నూటపదిహేను కిలోమీటర్లుంటుంది. బొర్రా గుహలు మూశారు, టూరిస్టు బంగళాలు మూశారు, రైలు ఆగింది. అది ప్రభుత్వం చేసిన పని. కొండ ఊళ్ళు తమంతట తాము చేసుకున్న పని ఇంకొకటి ఉంది. వెదురు బొంగులు, చెట్టు కొమ్మలు అడ్డంగా పడేసి దారులు కట్టేసుకున్నాయి. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు అవసరం లేనిదే బయటికి పోకూడదు.

ఇందులో వింతేమీ లేదు. దారికి కర్ర అడ్డం పెట్టడం ఆ కొండలకి తెలిసిన విద్యే. చైత్రంలో ఇటుకల పండక్కి మగవాళ్ళు వేటకి పోతే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడతారు. వచ్చే పోయే బండిని ఆపుతారు, పాట పాడతారు, నాలుగు డబ్బులు పుచ్చుకుని నవ్వుతూ వదిలేస్తారు. సరిగ్గా ఆ పండగ రోజుల్లోనే 2020లో అదే దారి మీద ఇంకో రకం కర్ర పడింది. దాని దగ్గర పాటా లేదు, వదిలేయడమూ లేదు.

మైదానంలో వాళ్ళు దీన్ని చూసి ముచ్చటపడ్డారు. చదువు లేకపోయినా ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకున్నారు. ఈ మెచ్చుకోలు నాకు కొంచెం వెగటుగానే ఉంటుంది. ఎందుకంటే తరతరాలుగా ఇదే మైదానం ఆ కొండల్ని రోగాల పుట్టగా చూసింది. మన్యం జ్వరమంటే పల్లంలో పిల్లల్ని కూడా భయపెట్టేవాళ్ళు. రంప తిరుగుబాట్లని అణచడానికి వెళ్ళిన తెల్లవాళ్ళ పటాలాలు తుపాకులకంటే ఎక్కువ మలేరియాకి జడిశాయి. ఉద్యోగస్తులకి ఏజెన్సీ బదిలీ అంటే శిక్ష. బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు ఆ జ్వరంతోనే బతికారు, చచ్చారు. వాళ్ళ కోసం ఎవరూ దేశం తలుపులు వేయలేదు. ఇప్పుడు మొదటిసారి రోగం పల్లం నుంచి కొండకి ఎక్కబోతోంది. తలుపు వేసే హక్కు వాళ్ళకి ఉందా లేదా అన్న చర్చే అనవసరం. అడవి మీద, ఖనిజం మీద, తమ మీద తమకే హక్కు లేదన్నట్టు చూసిన లోకానికి, కనీసం ఒక వెదురు బొంగు అడ్డం పెట్టారు.

మా మామూ ముప్పై ఏళ్ళు అరకు, సుంకరమెట్ట సంతల్లో బట్టల మూట మోశాడు. లుంగీలు, తువ్వాళ్ళు, పిల్లల గౌన్లు. సంతల్లో సాయిబులు కొత్త కాదు, వాళ్ళకి గిరిజనులూ కొత్త కాదు. లాక్‌డౌన్ కొంచెం సడలాక, పాత బాకీలు వసూలవుతాయేమోనని ఆయన ఒక ఊరికి వెళ్ళాడు. అడ్డం దగ్గర కుర్రాళ్ళు ఆపారు. “సాయిబూ, ఎక్కణ్ణుంచి వస్తున్నావు?” అని అడిగారు. విశాఖపట్నం అన్నాడు. “అయితే రావొద్దు. పండ్రెండు పదిహేను రోజులు పోయాక రా. బాకీ ఎక్కడికీ పోదు” అన్నారు. ఆయన తిరిగొచ్చేశాడు. ఇంటికొచ్చి చెప్తున్నప్పుడు ఆయన గొంతులో బాధ లేదు. వాళ్ళు చెప్పింది సబబేనన్నాడు.

అదే మనిషికి పల్లంలో, తాను పుట్టి పెరిగిన వీధికి రెండు వీధుల అవతల, మాస్కులమ్ముకుంటుంటే ఇంకో ప్రశ్న ఎదురైంది. “నీ పేరేంటి?” పేరు చెప్పాక ఆధార్ కార్డు చూపించమన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా దగ్గరే నా వ్యాసమంతా ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చావన్నది రోగాన్ని వెతికే ప్రశ్న. దానికి జవాబు మారుతుంది. ఇవాళ విశాఖ నుంచి వచ్చినవాణ్ణి పదిహేను రోజులయ్యాక లోపలికి రానిస్తారు. నీ పేరేంటన్నది మనిషిని వెతికే ప్రశ్న. దానికి గడువు లేదు. పదిహేను రోజులు కాదు, పదిహేను వందల ఏళ్ళయినా ఆ పేరు నెగెటివ్ రాదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. కూలికోసం చెన్నై, హైదరాబాదు పోయి తిరిగొచ్చిన సొంత పిల్లల్ని కూడా కొండ ఊళ్ళు నేరుగా ఇళ్ళలోకి రానివ్వలేదు. బడి గదుల్లోనో, ఊరవతల పాకల్లోనో ఉంచి, అన్నం తీసుకెళ్ళి దూరంగా పెట్టారు. అంటే అడ్డం బయటివాడికొక్కడికే కాదు. తమ కడుపున పుట్టినవాడికి కూడా వర్తించింది కాబట్టే మా మామూకి అది అవమానంగా తోచలేదు.

అలాగని కొండ ఊళ్ళ అడ్డాల్ని నేను పూజ చేయబోవడం లేదు. అరకుకీ ఒరిస్సా కోరాపుట్‌కీ మధ్య పెళ్ళి సంబంధాలున్నాయి, చావు పుట్టుకలున్నాయి. రాష్ట్రాల సరిహద్దులు బిగించినప్పుడు తల్లి ఒకవైపు, కూతురు ఒకవైపు ఉండిపోయారు. ఆ గీత వాళ్ళు గీసింది కాదు.

ఇప్పుడు పల్లం లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థి. తెలంగాణలో మొదటిది దుబాయి వెళ్ళొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లండన్, పారిస్, అమెరికా... వరసగా వచ్చాయి. ఎవరైనా వాళ్ళ కులం అడిగారా? ఇటలీ చదువులంటే జిహాద్ అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. మార్చి నెలాఖరుకి ఢిల్లీ నిజాముద్దీన్ తబ్లీగీ సమావేశం సంగతి బయటికొచ్చింది. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామందికి రోగం తగిలిన మాట నిజం. వాళ్ళని వెతకడం, పరీక్షించడం, విడిగా ఉంచడం సరైన పని. దాన్ని తప్పు పట్టే ముస్లింతో నాకు పేచీ ఉంది. కానీ రోజూ సాయంత్రం చెప్పే లెక్కలో వాళ్ళకో ప్రత్యేకమైన గడి పెట్టి, టీవీల్లో కరోనా జిహాద్ అని బొమ్మలు వేసి, ఢిల్లీ ఎటువైపుందో తెలియని ముసలమ్మ దగ్గర గాజులు కొనడం మానేశారే, అది ఏ వైద్యశాస్త్రం? 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్ళని బలిపశువుల్ని చేశారని తేల్చింది. ఏప్రిల్‌లో గొంతు చించుకున్నవాళ్ళలో ఎంతమంది ఆగస్టులో ఆ వార్త చదివారో నాకు అనుమానమే.

మా వాళ్ళకి ఈ తలుపు సంగతి కొత్త కాదు. హజ్రత్ ఉమర్ సిరియా వెళ్తూ సర్గ్ దగ్గరికి చేరేసరికి అక్కడ ప్లేగు ఉందని తెలిసింది. హిజ్రీ 18 ప్రాంతం. ఆయన వెనక్కి తిరిగాడు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నావా అని అబూ ఉబైదా నిలదీశాడు. ఇదీ దైవ నిర్ణయమే, అదీ దైవ నిర్ణయమే అన్న అర్థంలో ఉమర్ జవాబిచ్చాడు. రోగమున్న చోటికి బయటివాళ్ళు వెళ్ళకూడదు, అక్కడున్నవాళ్ళు వదిలి పారిపోకూడదు అన్న ప్రవక్త మాట అప్పుడే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ గుర్తుచేశాడు. ఇందులో రెండో సగం మనం సాధారణంగా మర్చిపోతాం. తలుపు వేస్తే లోపల చిక్కుకున్నవాడు కూడా ఒక త్యాగం చేస్తున్నాడు. బయటివాళ్ళు బతకడం కోసం తాను రోగంతో కలిసి కూర్చుంటున్నాడు. అబూ ఉబైదా తన మనుషుల్ని వదలకుండా అక్కడే ఉండి ఆ ప్లేగులోనే పోయాడు. చిక్కుకున్నవాణ్ణి శత్రువుగా చూసే లోకం ఈ రుణం సంగతే ఎత్తదు.

అందుకే 2020లో సౌదీ ప్రభుత్వం హజ్‌ని తమ దేశంలో ఉన్న వెయ్యి మందికి పరిమితం చేసినప్పుడు మా బస్తీల్లో ఏడ్చినవాళ్ళున్నారు గానీ తిట్టినవాళ్ళు తక్కువ. ముందటేడు పాతిక లక్షల మంది చేసిన హజ్ అది. మన దేశంలో రెండు లక్షల పైచిలుకు మంది దరఖాస్తు పెట్టుకున్నారు. కుట్టుమిషను మీద పైసా పైసా దాచినవాళ్ళు, కూతురి పెళ్ళయ్యాక మిగిలింది కట్టినవాళ్ళు. డబ్బు తిరిగిచ్చారు, వయసుని ఎవరిస్తారు? అయినా ఒప్పుకున్నారు. కారణం ఒకటే. ఆ తలుపు ఏ ఒక్క దేశం మీదా వేయలేదు, అందరి మీదా పడింది. 1897లో ఇలా లేదు. బొంబాయి ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిషువాళ్ళు హజ్ ఓడల్ని ఆపారు. యూరప్ దేశాల ఒత్తిడికి తలొగ్గి ఆపారు. ఇళ్ళలో చొరబడి జనాన్ని లాక్కుపోవడానికి అధికారమిచ్చిన అంటువ్యాధుల చట్టం కూడా ఆ సంవత్సరానిదే. 2020లో మన రాష్ట్రాలు కరోనా ఉత్తర్వులిచ్చింది ఆ చట్టం కిందే. తలుపు మనదే గానీ గొళ్ళెం తెల్లవాడిది.

తర్వాతి సంవత్సరం చక్రం తిరిగింది. 2021 ఏప్రిల్‌లో బ్రిటన్ మనల్ని ఎర్ర జాబితాలో పెట్టింది. కెనడా విమానాలు ఆపింది. ఇండియా నుంచి వస్తే సొంత పౌరులకి కూడా జైలు తప్పదని ఆస్ట్రేలియా మే నెలలో బెదిరించింది. కొత్త రకం వైరస్‌ని ప్రపంచమంతా మన దేశం పేరుతో పిలిచింది. అప్పుడు మన మధ్యతరగతికి ఎంత కోపం వచ్చిందో! రోగానికి దేశం పేరు పెట్టడం జాతి దురహంకారం అన్నారు. నిజమే. మే నెలలో మన ప్రభుత్వం ఆ పేరు తీసేయమని సోషల్ మీడియా కంపెనీలకి చెప్పింది. నెలాఖరుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి డెల్టా అని గ్రీకు అక్షరం పేరు పెట్టింది. దేశానికి గ్రీకు అక్షరం దొరికింది. నిరుడు రోగానికి మా మతం పేరు పెట్టినప్పుడు మాకు ఏ అక్షరమూ దొరకలేదు. ఈ రెండు కోపాలూ ఒకే ఇంట్లో, ఒకే సోఫా మీద కూర్చున్నాయి. ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు.

మనుషుల్ని ఆపిన రోజుల్లో సరుకు ఆగలేదన్నది కూడా మర్చిపోకూడదు. సరుకు రవాణాకి మినహాయింపు ఉంది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడం కోసమే వేసింది. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా గుజరాత్ వెరావల్‌లో పడవల మీదే నెలకి పైగా పడి ఉన్నారు. కువైట్‌లో క్షమాభిక్ష శిబిరాల్లో కడప, గోదావరి జిల్లాల పనిమనుషులు ఎదురుచూశారు. మే నెలలో వందే భారత్ విమానాలొచ్చాయి, టిక్కెట్టు డబ్బు ప్రయాణికుడిదే. అదే మే నెలలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాసుకి పన్నెండు మంది చచ్చిపోయాక, కంపెనీ బృందం కొరియా నుంచి ప్రత్యేక విమానంలో దిగింది. ఆకాశం అందరికీ మూసి లేదు.

మా లౌకిక మిత్రులకీ, మా వాళ్ళకీ కూడా ఇబ్బంది కలిగించే మాట ఒకటుంది. పల్లంలో మేం మైనారిటీ. కొండెక్కితే మేం గిరిజనేతరులం. మా మామూని ఆపిన కుర్రాళ్ళ కళ్ళకి ఆయన ముస్లిం కంటే ముందు పల్లపువాడు. షావుకారు, కాంట్రాక్టరు, లీజుదారు ఏ దారిన వచ్చారో ఆయనా అదే దారిన వచ్చాడు. ఆ దారిన వచ్చినవాళ్ళు భూములు గుంజుకుంటుంటే 1959 రెగ్యులేషన్ తేవలసి వచ్చింది, అదీ చాలక 1970లో ఒకటి బై డెబ్భై తేవలసి వచ్చింది. అనంతగిరి, బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సుప్రీంకోర్టు దాకా పోతేగానీ 1997 జూలైలో సమతా తీర్పు రాలేదు. ఇవి కూడా అడ్డం పెట్టిన కర్రలే. ఒకటి బై డెబ్భై మనిషిని చూసి పెట్టిన అడ్డం కదా, పేరడిగినట్టే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కాదని నా వాదన. ఆ చట్టం కొండలో గిరిజనుడి భూమి నీ చేతికి రాకూడదంటుంది, నువ్వు మనిషివి కాదని అనదు. బలహీనుడు తన మీద పడేవాడికి పెట్టిన అడ్డాన్నీ, బలవంతుడు తన కింద బతికేవాడికి పెట్టిన అడ్డాన్నీ ఒకే తక్కెడలో వేయకూడదు. నా పేరు చూసి నన్నాపినవాడికి నేనేమీ చేయలేను. గిరిజనుణ్ణి మాత్రం పల్లపువాడు చాలా చేయగలడు, చేశాడు కూడా.

విమానాలు తెరిచారు, టూరిస్టు కార్లు మళ్ళీ ఘాట్ ఎక్కాయి. 2022 ఏప్రిల్‌లో అరకు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. కొండ ఊళ్ళు వెదురు బొంగులు తీసి పొయ్యిల్లో పెట్టుకున్నాయి. మా మామూ బాకీ వసూలు చేసుకొచ్చాడు, పూర్తిగా కాదు, కొంత. కొంత అల్లం, పసుపు రూపంలో ఇచ్చారట. పల్లంలో ఆధార్ కార్డు అడిగిన వీధికి ఆయన మళ్ళీ పోలేదు. ఎందుకు పోవని నేను అడిగితే, అక్కడ ఎన్నాళ్ళాగాలో వాళ్ళు చెప్పలేదు కదా అన్నాడు.