ఎవరి సమ్మతి?

తెనాలిలో రేపల్లె రైలెక్కినప్పుడల్లా మా పెద్దమ్మ గుర్తొస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చాక, 1995 పంచాయతీ ఎన్నికల్లో రేపల్లె దగ్గరి మా ఊరి సర్పంచ్ పదవి స్త్రీలకి రిజర్వయింది. పెద్దమ్మని నిలబెట్టారు. గెలిచింది. పంచాయతీ ఆఫీసు కుర్చీలో మాత్రం ఐదేళ్ళూ పెదనాన్నే కూర్చున్నాడు. తీర్మానాల పుస్తకం వంటింట్లోకి వచ్చేది. పెద్దమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెట్టేది.

"నీకిది ఇష్టమేనా?" అని ఒకసారి అడిగాను.

"ఇష్టం లేదని ఎవరికి చెప్పుకోవాలే?" అంది.

ఆ ఏడాదే బీజింగ్‌లో నాలుగవ ప్రపంచ మహిళా మహాసభ జరిగింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను దాని గురించి క్లాసులో ఉత్సాహంగా చెప్పేదాన్ని. బీజింగునీ మా వంటింటినీ కలిపి చూడాలని తోచలేదు.

చాలా ఏళ్ళ తర్వాత చదివిన ఒక వాక్యం ఆ రెంటినీ కలిపింది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ నిర్మూలించాలనే ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించింది. మన ప్రభుత్వం 1980లో సంతకం చేసి, 1993లో ధృవీకరించింది. ధృవీకరిస్తూనే ఒక మెలిక పెట్టింది. స్త్రీ పురుషుల మూస పాత్రలని మార్చాలనే 5(ఎ) అధికరణాన్నీ, పెళ్ళిలో, కుటుంబంలో సమానత్వం కోరే 16(1)నీ ఒక షరతుతోనే పాటిస్తామంది. ఏ సమాజపు వ్యక్తిగత వ్యవహారాల్లోనూ ఆ సమాజం చొరవా, సమ్మతీ లేకుండా జోక్యం చేసుకోకపోవడమన్న తన విధానానికి అవి లోబడి ఉండాలి. ఆ మెలిక ఇప్పటికీ ఉంది.

సమ్మతి మంచి మాటే. పైనుంచి రుద్దిన మార్పు నిలవదు. సంస్కరణ పేరుతో తమని అణిచేస్తారేమోనన్న మైనారిటీల భయాన్ని కూడా నేను కొట్టిపారెయ్యను. కానీ సమాజం తరఫున సమ్మతి చెప్పేదెవరు? పెద్దలు. ఆ పెద్దల్లో పెద్దమ్మ ఎప్పుడూ లేదు. ఆమెని నోరెత్తనివ్వని వాళ్ళనే ఆమె తరఫున అడిగి, వాళ్ళు ఒప్పుకోలేదని ఊరుకోవడం తటస్థత ఎలా అవుతుంది? అది ఒక పక్షం వహించడమే.

అలాగని ఆ ఒప్పందం వట్టి కాగితం కాదు. బాల్యవివాహాన్ని ఆపబోయిన రాజస్థాన్ గ్రామ కార్యకర్త భన్వరీ దేవికి జరిగిన అన్యాయం మీద మహిళా సంఘాలు కోర్టుకెక్కాయి. పనిచేసేచోట లైంగిక వేధింపులకి మనకి చట్టమే లేని ఆ రోజుల్లో, 1997 విశాఖ తీర్పులో సుప్రీంకోర్టు ఈ ఒప్పందాన్నే ఆధారం చేసుకుని మార్గదర్శకాలిచ్చింది. చట్టం 2013లో గానీ రాలేదు. ఎక్కడో దూరాన రాసిన మాట, అందుకుని వాడుకునే ఆడవాళ్ళు ఉన్నప్పుడు, ఇంత దగ్గరికి వస్తుంది.

అయితే ఆ ప్రశ్న నన్నూ వదల్లేదు. ఎన్నో సెమినార్లలో పెద్దమ్మ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమెని ఒక్కసారైనా అడగలేదు. మరి నేను కూర్చున్నది ఎవరి కుర్చీలో? ఆమె కోసం మాట్లాడకుండా ఉండలేను. మాట్లాడితే, అది ఆమె వినేలా, కాదనగలిగేలా ఉండాలి. పెదనాన్నకీ నాకూ తేడా అక్కడే మొదలవ్వాలి.

మొన్న వెళ్ళినప్పుడు ఆ మెలికని తెలుగులో చదివి వినిపించాను. "మరి మమ్మల్నెప్పుడు అడిగారు?" అంది. ఇదంతా రాయనా అన్నాను. కాసేపు ఆలోచించింది.

"రాయి. ఊరి పేరూ, నా పేరూ వద్దు."

రాయలేదు.