నాడి చెప్పేది, నాడి చెప్పనిది

రాత్రిపూట ఆసుపత్రి క్యాజువాలిటీ వరండాలో కూర్చున్నవారికి ఈ దృశ్యం కొత్త కాదు. రక్తంతో తడిసిన చొక్కా చేతిలో పట్టుకొని ఒక అన్న, లోపలినుండి వచ్చిన డాక్టరును అడుగుతాడు: "డాక్టరుగారూ, మా తమ్ముడు దక్కుతాడా?" డాక్టరు ఒక్క క్షణం ఆగి, "పల్సు, బీపీ బాగా లేవండీ. ఇప్పుడే ఏమీ చెప్పలేం" అంటాడు. చెప్పలేం అన్నాడే గాని, ఆయన మనసులో ఒక లెక్క అప్పటికే జరిగిపోయి ఉంటుంది. మనిషి బ్రతుకును ఇలా అంకెలతో అంచనా వేయవచ్చునా? ఆ అంచనాను బట్టి ఒకరికి ముందు, మరొకరికి వెనుక వైద్యం చేయడం న్యాయమేనా?

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. ఎదిగిన మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ముప్పావు లీటరు పోయినా నాడిలో గాని, రక్తపోటులో గాని పెద్ద తేడా కనబడకపోవచ్చు. ఇంకా కారుతూ ఉంటే గుండె పరుగెత్తుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. లోపల ఇల్లు కూలుతున్నా గుమ్మం దగ్గర నిలబడి అంతా బాగానే ఉందని చెప్పే ఇల్లాలివలె, శరీరం తన లోటును దాచుకుంటుంది. సాధారణంగా లీటరున్నర దాటిన తరువాతనే రక్తపోటు పడిపోతుంది. ముఖ్యంగా పడుచువాళ్లలో అది చివరిదాకా నిలబడి, ఒక్కసారిగా కూలుతుంది. ఈ దాపరికాన్ని పట్టుకోవడానికే 1967లో ఆల్‌గోవర్, బుర్రి అనే వైద్యులు ఒక చిన్న భాగహారం చెప్పారు. నిమిషానికి నాడి ఎంత కొడుతున్నదో దానిని పై రక్తపోటుతో భాగించాలి. నాడి 70, రక్తపోటు 120 ఉంటే 0.6కు కాస్త తక్కువ వస్తుంది, భయం లేదు. నాడి 120, రక్తపోటు 90 అయితే 1.3 దాటుతుంది. 1 దాటిందంటే తొందరపడవలసిందే. దీనినే షాక్ ఇండెక్స్ అంటారు.

అయితే అంకెలు కూడా మోసపోతాయి. బీపీకి గుండె వేగం తగ్గించే మాత్ర వేసుకునే ముసలాయనకు ఎంత రక్తం పోయినా నాడి పెరగకపోవచ్చు. మామూలుగా 160 ఉండే మనిషికి 110 ఉంటే, కాగితం మీద అది చక్కని సంఖ్యే. ఆయన మాత్రం మునిగిపోతూ ఉంటాడు.

తరువాతి కాలంలో ఇంకా పెద్ద లెక్కలు వచ్చాయి. రక్తస్రావాన్ని అదుపుచేసే ట్రానెక్సామిక్ ఆసిడ్ అనే మందును 40 దేశాలలోని 274 ఆసుపత్రులలో 20 వేల మందికి పైగా గాయపడినవారిపై పరీక్షించి, 2010లో ఫలితం ప్రకటించారు. దాని పేరు క్రాష్-2. మన దేశపు ఆసుపత్రులూ అందులో పాలుపంచుకున్నాయి. మందు ఇవ్వనివారిలో నూటికి 16 మంది, ఇచ్చినవారిలో 14.5 మంది చనిపోయారు. చిన్న తేడాయేనా? వెయ్యి ఇళ్లలో పదిహేను ఇళ్ల దీపం ఆరలేదన్నమాట. ఆ రోగుల వివరాలనుండే ఎవరికి ఎంత ప్రమాదమో చెప్పే సూత్రం కూడా తయారుచేశారు. వయస్సు, స్పృహ, రక్తపోటు, నాడి, ఊపిరి వేగం, దెబ్బ రకం, దెబ్బ తగిలి ఎంతసేపయింది అనేవి అందులో చేరాయి.

నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికే ఈ మందు ఇస్తే చాలునేమో అని వారు లెక్క చూశారు. చాలదని తేలింది. ప్రమాదం తక్కువ అనుకున్నవారికీ అదే నిష్పత్తిలో మేలు జరిగింది. అంటే "వీడికేం ఫరవాలేదు" అని పక్కన కూర్చోబెట్టడానికి అంకె చాలలేదు. మరి "వీడు ఎలాగూ పోతాడు" అని వదిలివేయడానికి చాలుతుందా?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నూటికి 80 మంది చనిపోతారు అన్న లెక్క, ఇంతకుముందు అటువంటి నూరుమందికి ఏమైందో చెబుతుంది. బల్లమీద పడుకున్న ఈ ఒక్కడు ఆ 80లో వాడో, మిగిలిన 20లో వాడో చెప్పదు. పైగా ఆశ లేదని వైద్యం ఆపితే అతడు తప్పక చనిపోతాడు. అతని చావు కూడా లెక్కలో చేరి, రేపు వచ్చేవాడి అంచనాను ఇంకా నల్లబరుస్తుంది. తాను చెప్పిన జోస్యాన్ని తానే నెరవేర్చుకొనే జ్యోతిష్కుడిని మనం నమ్ముతామా?

అలాగని అంకెలను పారవేయమనను. బస్సు బోల్తాపడి ఒకేసారి ఇరవైమంది వస్తే, ఉన్న రక్తం మూడు సీసాలే అయితే, డాక్టరు దేనిని బట్టి నడుచుకోవాలి? ఎవరి బంధువులు గట్టిగా అరిస్తే వారికా? ఎవరి జేబు బరువైతే వారికా? నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన లారే, హోదాను పక్కనబెట్టి, తీవ్రంగా గాయపడినవారినే ముందు చూడాలని నియమం పెట్టాడు. సిఫారసు నోటికి తాళం వేయాలంటే నాడి, రక్తపోటు లాంటి కొలత ఏదో ఒకటి ఉండాలి. మన ఊళ్లలో ఆసుపత్రికి ఎవరి ఉత్తరం పట్టుకుపోదామా అని వెతికే అలవాటు నాకూ తెలుసు గనుక ఈ మాట అంటున్నాను.

వైద్యం ఎంతవరకు అన్నది వేరే ప్రశ్న. 1957 నవంబరు 24న మత్తువైద్యులతో మాట్లాడుతూ 12వ పయస్ పాపుగారు, ప్రాణం నిలుపుకొనడానికి సాధారణమైన మార్గాలు వాడడం మన విధి అనీ, అసాధారణమైన, మోయలేని భారమైనవి వాడాలన్న నిర్బంధం లేదనీ వివరించారు. అంటే భారాన్ని తూచమన్నారు. మనిషి విలువను తూచమనలేదు. ఎనభై ఏండ్లవాడు బ్రతకడం కష్టమని సూత్రం చెప్పవచ్చు. అతడు బ్రతకడం అనవసరమని అది చెప్పదు. ఈ రెండు మాటలూ కలిసిపోవడం నేను వరండాల్లో విన్నాను, అదీ సొంత బంధువుల నోట.

ఆ సూత్రంలోని అంశాలలో వయస్సును మనం మార్చలేము, తగిలిన దెబ్బను మార్చలేము. గడిచిన కాలం మాత్రం కొంత మన చేతిలోనే ఉంది. ఆ మందు మూడు గంటలలోపు ఇస్తేనే మేలు, ఆ తరువాత కీడు చేయవచ్చునని కూడా క్రాష్-2 లెక్కలే చూపాయి. కాబట్టి రోడ్డుమీద గుమికూడి పేరూ ఊరూ అడుగుతూ నిలబడ్డ ప్రతి నిమిషమూ అతని లెక్కలో చేరుతుంది. గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమిపట్టి 108కు ఫోను చేయాలి. సాయం చేసినవారిని కేసులనుండి కాపాడే నిబంధన 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉంది, భయపడి తప్పుకోనక్కరలేదు.

ఇక వరండాలోని ఆ అన్న సంగతి. డాక్టరు అతనితో అబద్ధం చెప్పకూడదు. "ప్రమాదం చాలా ఉంది, చేయగలిగింది చేస్తున్నాం, కావాలంటే మీ ఫాదరుగారిని పిలిపించుకోండి" అంటే అది ఆశ వదులుకోమన్నట్టు కాదు. లోపల నర్సు చీటీ మీద గంట వేసి, నాడీ రక్తపోటూ రాసింది. పావుగంటకు మళ్లీ చూస్తుంది, మళ్లీ రాస్తుంది.