లగ్గానికి సాక్షి ఎవరు?

ధర్మపురిలో గోదావరి ఒడ్డున పెళ్లి చేశామని చెప్పుకోవడం అటు జగిత్యాల, ఇటు మంచిర్యాల కుటుంబాలకు ఒక భరోసా. ఏటా ఫాల్గుణంలో లక్ష్మీనరసింహస్వామికి కల్యాణం జరిగే ఊరు అది. అదే గుడి ప్రాంగణంలో యమధర్మరాజు కొలువై ఉన్నాడు. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి లేదని నానుడి. అలాంటి చోట, వేలు విడిచిన మేనమామ దాకా చుట్టాలంతా చూస్తుండగా పుస్తె కట్టాక ఇక సర్కారు సంతకం దేనికి? ఈ మాట అడిగే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంది. పెళ్లి అనేది ఏ క్షణంలో పెళ్లి అవుతుంది? అయిందని చెప్పే హక్కు ఎవరిది?

ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న మఠాల్లోనో పండిత సభల్లోనో పుట్టలేదు. దుబాయి పోయినోళ్ల ఇళ్లల్లో పుట్టింది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి దశాబ్దాలుగా మగవాళ్లు గల్ఫ్‌కు వలస పోతున్నారు. చాలామందికి లగ్గం సెలవులోనే జరుగుతుంది. సెలవు అయిపోతుంది, పెళ్లికొడుకు విమానం ఎక్కుతాడు, పెళ్లికూతురు అత్తగారింట్లో ఉండిపోతుంది. యూఏఈలో భార్యను పిలిపించుకోవాలంటే భర్తకు నెలకు కనీసం 4,000 దిర్హమ్‌ల జీతమైనా, వసతితో పాటు 3,000 అయినా ఉండాలి. అంత జీతం ఉన్నవాడికైనా పెళ్లి సర్టిఫికెట్ లేనిదే పని జరగదు. అదీ ఉత్త కాగితం చాలదు. రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం వరసగా ముద్ర వేయాలి. ఒక్క ముద్రతోనే సభ్య దేశాల్లో పత్రం చెల్లే అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి భారత్ ఉన్నా యూఏఈ, కువైట్ అందులో లేవు మరి.

అగ్ని చూసిందన్న మాట అబుదాబి ఆఫీసులో చెల్లదు. అందుకని అగ్ని చూడలేదని అర్థమా?

కాదనే మన చట్టం కూడా అంటోంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం తంతు జరిగినా పెళ్లి జరిగినట్టే. ఆ ఆచారంలో సప్తపది ఉంటే మాత్రం ఏడో అడుగు పడ్డాకే బంధం పూర్తవుతుంది. సప్తపది లేని కులాలు మనలో బోలెడు. అక్కడ జీలకర్ర బెల్లం, పుస్తె, తలంబ్రాలే లగ్గం. తమలపాకులో పెట్టిన ఆ ముద్దను ముహూర్తం ఘడియలో ఒకరి నెత్తిన ఒకరు అదిమిపట్టే క్షణం కోసమే అయ్యగారు పదేపదే గడియారం చూసేది. చట్టం ఆ క్షణాన్ని గౌరవించింది. ఎనిమిదో సెక్షన్ నమోదు గురించి చెబుతూనే, రిజిస్టరులో ఎక్కనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా అన్ని మతాల పెళ్లిళ్లూ నమోదు కావాలంది. నమోదే పెళ్లికి రుజువు కాదని, అయినా అది గట్టి సాక్ష్యంగా పనికొస్తుందని కూడా చెప్పింది.

2024 ఏప్రిల్ 19న అదే కోర్టు దీనికి రెండో వైపు చూపించింది. పైలట్ శిక్షణ పొందిన ఇద్దరు 2021లో ఒక సంస్థ నుంచి వివాహ ధ్రువపత్రం తెచ్చుకుని ఉత్తరప్రదేశ్‌లో పెళ్లి నమోదు చేయించుకున్నారు. తంతు మాత్రం జరగలేదు, తర్వాత చేద్దామనుకున్నారు. ఈలోగా మనసులు విరిగాయి. హిందూ వివాహం ఒక సంస్కారమని, తంతు లేని నమోదు వాళ్లను భార్యాభర్తలను చేయదని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం తీర్పు చెప్పి, ఆ పత్రాలను రద్దు చేసింది. వీసా కోసం, సమయం కలిసొస్తుందని, లగ్గానికి ముందే రిజిస్ట్రేషన్ చేయించే తల్లిదండ్రుల తీరును ఆ తీర్పు గట్టిగా తప్పుపట్టింది. అమెరికా సంబంధం కుదిరిన ఏ తెలుగు ఇంట్లోనైనా వినపడే మాటే కదా అది. ‘ముందు రిజిస్ట్రేషన్ కానిచ్చేద్దాం, ముహూర్తం శ్రావణంలో చూసుకుందాం.’

తంతుకు అంత బలం ఉన్నప్పుడు కాగితానికి ధర్మంలో చోటెక్కడిది? దీనికి మన దగ్గర చాలా పాత కథ ఒకటుంది. కాళిదాసు నాటకంలోని ఉంగరం, చేప అందరికీ గుర్తే. ఆదిపర్వంలో, నన్నయ తెలుగులో చెప్పిన శకుంతలోపాఖ్యానంలో, ఉంగరం లేదు, శాపమూ లేదు. కణ్వాశ్రమంలో గాంధర్వ వివాహం జరిగింది. కొడుకును వెంటబెట్టుకుని శకుంతల సభకు వస్తే, దుష్యంతుడు అన్నీ గుర్తుండే నిన్నెరుగనంటాడు. ఆమె సత్యం గురించి, భార్య గురించి, కొడుకు గురించి నిండు సభలో నిలబడి వాదిస్తుంది. చివరికి ఆకాశవాణి పలికాకే అతడు ఒప్పుకుంటాడు. ఒట్టి ఆమె మాట మీద స్వీకరిస్తే లోకం శంకించేదని సంజాయిషీ ఇస్తాడు.

ఆ సంజాయిషీని ఎంత మెత్తగా చదివినా అన్యాయం అన్యాయమే. అయితే కథ ఒక నిజాన్ని దాచకుండా చెప్పింది. పెళ్లి ఇద్దరి మధ్య పూర్తిగా నిజమై ఉండి కూడా లోకం ముందు లేనట్టే ఉండిపోవచ్చు. అలా ఉండిపోయినప్పుడు సభలో నిలబడి నిరూపించుకోవలసిన భారం ఆడదాని మీదే పడింది. రాజుకు సాక్షి అవసరం రాలేదు. తంతును ఎవరూ కాదనని రోజుల్లో సాక్షి మాట ఎవరికీ గుర్తురాదు. ఒకరు కాదన్న రోజున, లేదా ఒకరు లేకుండా పోయిన రోజున, సాక్షి తప్ప ఇంకేదీ అక్కరకు రాదు.

క్రైస్తవం కూడా ఈ చిక్కులోనే పడింది. ఇద్దరి ఇష్టపూర్వకమైన సమ్మతితోనే వివాహ సంస్కారం జరుగుతుందని మధ్యయుగపు కాథలిక్ చర్చి నమ్మింది. దాంతో ఎవరూ చూడని చాటుమాటు పెళ్లిళ్లు పెరిగాయి, కాదని తప్పించుకునేవాళ్లూ పెరిగారు. 1563లో ట్రెంట్ మహాసభ, అప్పటిదాకా జరిగిన రహస్య వివాహాలు నిజమైనవేనని ఒప్పుకుంటూనే, ఇకపై విచారణ గురువు, అంటే స్థానిక చర్చి ఫాదర్, సాక్షులు ఉండి తీరాలని, గురువు పుస్తకంలో రాయాలని శాసించింది. కాథలిక్కులే ఎక్కువగా ఉన్న ఫిలిప్పీన్స్ ఆ ఆలోచనను నేటి వలసలకు అనువుగా మలుచుకుంది. దుబాయిలో మన జగిత్యాలవాళ్ల పక్కన పనిచేసే ఫిలిప్పీన్స్ దేశస్థులు అక్కడే పెళ్లాడితే, ఆ సంగతిని తమ కాన్సులేట్‌కు తెలపాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ అఫిడవిట్ ఇవ్వాలి. ఆ నివేదిక మనీలాకు వెళ్లి జాతీయ గణాంక సంస్థ దస్త్రాల్లో చేరుతుంది. అయితే పెళ్లికి చెల్లుబాటు ఆ నివేదిక వల్ల రాదు. జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లే పెళ్లి, కొన్ని మినహాయింపులు పోను, తమ దేశంలోనూ చెల్లుతుందని వాళ్ల కుటుంబ నియమావళి 26వ అధికరణం చెబుతోంది. నివేదిక ఉన్నది స్వదేశం ఆ బంధాన్ని మరిచిపోకుండా ఉండటానికి.

మన వైపు దీనికి దగ్గరిది 1969 నాటి విదేశీ వివాహ చట్టం. వధూవరుల్లో కనీసం ఒకరు భారత పౌరులైతే, మన రాయబార కార్యాలయంలోని వివాహ అధికారి ముందు పెళ్లి చేసుకోవచ్చు. ఆ దేశపు చట్టం ప్రకారం అప్పటికే అయిన పెళ్లిని 17వ సెక్షన్ కింద నమోదు చేయించుకోవచ్చు. తంతు మీద నమ్మకం లేనివాళ్లకు, కులం మతం దాటి చేసుకునేవాళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అక్కడ అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ఎదుట పలికిన మాటే పెళ్లి. కాబట్టి ‘ముందు కాగితం’ అనుకునే జంట తమను తాము అడగవలసింది ఒకటే. ఆ సంతకాన్ని పెళ్లి అనుకుంటున్నారా, లేదా? అనుకుంటే ప్రత్యేక వివాహ చట్టం దారి నిజాయితీ గలది. అనుకోకపోతే, జరగని లగ్గం జరిగిందని రాసివ్వడం అబద్ధ సాక్ష్యం. ధర్మశాస్త్రాలు అబద్ధ సాక్ష్యాన్ని చిన్న పాపంగా ఎన్నడూ చూడలేదు.

కాగితం కోసం తంతును వదిలేసేవాళ్లకన్నా ఈ జిల్లాల్లో తంతు అయిపోయిందని కాగితాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. దాని ఖర్చు ఇంటి దగ్గర ఉండిపోయిన భార్య కడుతుంది. ఎడారి దేశంలో భర్త చనిపోతే రావలసిన జీతం, పరిహారం అడగడానికి ఆమె ముందుగా భార్యనని రుజువు చేసుకోవాలి. భర్త అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నా అంతే. ప్రవాసుల పెళ్లిళ్లను 30 రోజుల్లో నమోదు చేయాలంటూ అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ 2019 ఫిబ్రవరి 11న రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో ప్రవాసుల పెళ్లిళ్లకు నమోదు తప్పనిసరి చేయాలని మళ్లీ సిఫార్సు చేసింది.

ఏడడుగులు నడిచినవాడు చేసే ప్రమాణాల్లో భార్యను కాపాడతానన్నదీ ఉంది. సముద్రం దాటి పోయేవాడు ఆ మాట నిలబెట్టుకునే దారుల్లో, పోయేముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఆమెతో కలిసి వెళ్లడం ఒకటి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు. అగ్ని చూసినదాన్నే ఆ ఆఫీసు ఇంకోసారి, మనుషుల భాషలో అడుగుతోంది. నికానామా రాసుకునే ముస్లిం కుటుంబాల్లో ఈ రెండింటి మధ్య దూరం తక్కువ. ఖాజీ సమక్షంలో ఒప్పందం, రాత, సాక్షుల సంతకాలు కూర్చున్న చోటే అయిపోతాయి.

ఎన్నో ఏళ్ల కిందటి లగ్గమైనా దారి మూసుకుపోలేదు. 2001లో ఢిల్లీలో పెళ్లాడి అమెరికాలో స్థిరపడిన ఒక జంటకు గ్రీన్ కార్డు దగ్గర పెళ్లి సర్టిఫికెట్ అవసరం పడింది. నమోదుకు స్వయంగా రావాలని అధికారులన్నారు. 2021 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, వీడియోలో కనపడటం కూడా స్వయంగా హాజరైనట్టేనని చెప్పి, ఆ ఇరవై ఏళ్ల నాటి పెళ్లిని నమోదు చేసే వీలు కల్పించింది.